చివరిసారి కనిపించిన తేదీ

"సెప్టెంబర్ పద్దెనిమిది తర్వాత నువ్వు కనిపిస్తలేవంట గదమ్మా," అన్నారు మా మేనేజరు చిన్నయ్య సారు, నా చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ.

ఇంకెవరితోనైనా అంటున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. గోడకు క్యాలెండరు ఉంది. అందులో రెండు వేల తొమ్మిది, డిసెంబరు పద్దెనిమిది, శుక్రవారం. అంటే నేను సరిగ్గా మూడు నెలలుగా కనిపించడం లేదు. ఈ మూడు నెలలూ సారుకు టీ ఎవరిచ్చారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

"ఎవరన్నరు సార్?"

"సర్వరన్నది. దాన్ల లిస్టు హైదరాబాదోళ్లకు గూడ కనవడుతది గదా." ఫ్యాక్స్ కాగితం నా వైపు తోశారు. "ఏ కంప్యూటరైతే అరవై దినాలసంది కనిపిస్తలేదో, ఆ సీటు తీసేస్తరంట. జనవరి ఒకటి నుంచి. ఇయ్యాల నాలుగింటికల్లా జవాబు పంపాలె."

"నేను రోజూ వస్తనే ఉన్న గద సార్."

"వస్తున్నవమ్మా. నేను చూస్తలేనా? కానీ మిషన్ అబద్ధం చెప్పదు గదా." ఒక గుక్క తాగారు. "చక్కెర జర తక్కువైంది."

మాది గద్వాలలో పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసు. ఏ రైతు ఏ చెలకలో ఎంత విత్తనం పండించాడు, ఏ సంచిది ఏ నంబరు, ఎన్ని గింజలు మొలిచాయి, ఎన్ని మొలవలేదు, ఇవన్నీ కంప్యూటరులో ఎక్కించడం నా పని. టీ పెట్టడం నా పని కాదు. ఐదేళ్ల కిందట ఒకరోజు టీ పెట్టే ముసలాయన రాకపోతే సారు "ఈ ఒక్కరోజు" అన్నారు. ఆ రోజు ఇంకా అయిపోలేదు.

సర్వరు కూడా నా పని కాదు. అన్ని కంప్యూటర్లనూ కలిపే ఆ పెద్ద మిషన్ వెనక గదిలో ఉంటుంది. ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. అందుకని సర్వరుతో పాటు సారు మధ్యాహ్నం కునుకు కూడా అక్కడే ఉంటుంది. చెప్పులు విప్పి లోపలికి పోవాలి. సర్వరు వచ్చిన కొత్తలో కొబ్బరికాయ కొట్టారు. తర్వాత ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. "మిషన్‌కు బొట్టు ఆడమనిషి పెడితేనే మంచిదమ్మా," అన్నారు సారు. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. అట్లా నేను సర్వర్ ఇన్‌చార్జి అయ్యాను. మా అత్తమ్మ తిమ్మమ్మ దగ్గర ఈ మాట అంటే, "అంటే ఏం జేస్తవ్?" అంది. "బొట్టు పెడత," అన్నాను. "గంతేనా," అంది. మా అత్తమ్మ దృష్టిలో నేను చేసేవన్నీ గంతేనా పనులే. "కూసొని చేసేది గూడ ఒక పనేనా," అంటుంది, మంచం మీద కూర్చుని.

శుక్రవారమే కాబట్టి బొట్టు డబ్బీ పట్టుకుని లోపలికి పోయాను. బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, మొదటిసారి ఆ తెరను చదవాలని చూశాను. పాస్‌వర్డు దేవుడి పటం వెనక రాసి ఉంటుంది. అందరికీ ఒకటే పాస్‌వర్డు, అందరి కంప్యూటర్లకూ అదే. మరిచిపోతే కష్టమని.

తెర మీద పైన రాసి ఉంది, ఇవి సర్వరు తనంతట తానే వెతికి పట్టుకున్న కంప్యూటర్లు అని. కింద పేర్లు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్కో బూడిద రంగు చుక్కో. ఆ పక్కన చివరిసారి కనిపించిన తేదీ. మొత్తం తొమ్మిది పేర్లున్నాయి. ఆఫీసులో ఉన్నవి ఆరు కంప్యూటర్లు. వేళ్ల మీద లెక్కబెట్టాను. మళ్లీ లెక్కబెట్టాను. తొమ్మిదింటిలో 'సుహాసిని' ఉంది. నా పేరే. బూడిద రంగు. పద్దెనిమిది సెప్టెంబర్. నా చేత బొట్టు పెట్టించుకున్న మిషన్, నేను దాని ముందే నిలబడి ఉండగా, నేను లేనంటోంది. ఇంట్లో ఇట్లాంటివి అలవాటే గానీ, ఇంత స్పష్టంగా తేదీ వేసి ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చి అకౌంట్స్ గోవిందును అడిగాను, "ఇది ఎట్ల వెతుకుతది?"

"మనమేం చెప్పొద్దక్కా. వైరు తగిలించి ఒకసారి ఆన్ చేస్తె చాలు, అదే వాసన పట్టుకుంటది. రాసుకుంటది."

"పోయినంక?"

"పోయినంక ఏముంది, పోయిందని రాసుకుంటది. కొట్టెయ్యదు. మనం తీసేస్తెనే పోతది."

ఇది నాకు అర్థమైందో లేదో నాకు తెలియలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని బయల్దేరాను. ప్రతి కంప్యూటరు దగ్గరికీ పోయి, నీ పేరేంది అని దాన్నే అడిగి రాసుకుందామని. మా ఆఫీసులో కంప్యూటర్లకు మనుషుల పేర్లే. వనపర్తి నుంచి వచ్చే కంప్యూటర్ డేవిడ్ మొదట్లో నంబర్లు పెడతానన్నాడు. "నంబర్లు పెడితె ఎవరిది ఎవరికి తెలుస్తది? ఎవరు కూసుంటె వాళ్ల పేరు పెట్టు," అన్నారు చిన్నయ్య సారు.

అందుకని 'చిన్నయ్య', 'గోవిందు', 'శ్రవణ్' తేలిగ్గానే దొరికారు. ల్యాబులోది 'ల్యాబ్', గోదాములోది 'గోదాం'. లిస్టులో 'ఆలంపూర్' అని ఒకటుంది. అది ఆలంపూర్ డిపోకు పంపే ముందు డేవిడ్ ఇక్కడ వైరు తగిలించి ఒకసారి చూశాడు. అక్టోబరులో తుంగభద్ర వచ్చినప్పుడు అది టేబులుతో సహా మునిగింది. సర్వరుకు వరద సంగతి తెలియదు. అది ఇంకా ఎదురుచూస్తోంది. 'చింటూ' అని ఇంకొకటుంది.

"చింటూ ఎవరు సార్?"

సారు పేపరు మడిచారు. "మావోడు. ఎండకాలం సెలవులల్ల ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చిండు. రిజల్ట్స్ చూస్తనని."

ఆ వేసవిలో వాడు మూడు రోజులు ఏసీ గదిలో కారు రేసులాడడం నేను చూశాను. "అయితే వాడు గూడ సీటేనా సార్?"

"అది మిషన్ తప్పమ్మా," అన్నారు సారు. "దాన్ని కొట్టెయ్యి."

మిషన్ అబద్ధం చెప్పదన్న మాట అరగంట కూడా నిలవలేదు. అయినా నేను నవ్వలేదు. నవ్వితే టీ మళ్లీ పెట్టమంటారు.

చివరికి నా సీటులో కూర్చున్నాను. ఐదేళ్లుగా నేను కూర్చునే కుర్చీ. కుర్చీ చెయ్యి మీద నా మోచెయ్యి ఆనేచోట రంగు పోయింది. కీబోర్డులో నేను ఎక్కువగా కొట్టే అంకెలు అరిగిపోయాయి. కంప్యూటరు పేరు ఎక్కడుంటుందో గోవిందు ముందే చూపించాడు. తెరిచాను. 'శ్రవణ్-2'.

చదివాను. మౌసు వదిలేసి మళ్లీ పట్టుకుని మళ్లీ చదివాను. ఎదురుగా శ్రవణ్ కుమార్ తన కంప్యూటరులో పేకముక్కలు ఎర్ర దాని మీద నల్లది, నల్ల దాని మీద ఎర్రది పేర్చుకుంటున్నాడు. ఆగస్టులో చేరాడు. హైదరాబాదులో ఎవరికో చుట్టం. ఫ్యాక్స్ కాగితం రెండో పేజీ అప్పుడు చదివాను. శ్రవణ్ కుమార్ అనే కొత్త ఉద్యోగి రెండు కంప్యూటర్ల మీద ఏకకాలంలో పనిచేస్తూ, మూడు నెలల్లో పదకొండు వేల సంచుల వివరాలు ఎక్కించాడనీ, మిగతావారు అతన్ని చూసి నేర్చుకోవాలనీ ఉంది.

ఆ పదకొండు వేల సంచులు నాకు ముఖాలతో సహా గుర్తున్నాయి.

"శ్రవణ్, ఇది నీకు తెలుసా?"

కాగితం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేనేం చెప్పలెక్కా వాళ్లకు."

"కాదని గూడ చెప్పలె."

"అడగలె గదక్కా."

నిజమే, ఎవరూ అడగలేదు. మా ఇంట్లో కూడా పప్పు ఎవరు చేశారని ఎవరూ అడగరు. ఉప్పు ఎక్కువైనప్పుడు మాత్రం అడుగుతారు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, తినకుండా తేదీలు లెక్కేశాను. సెప్టెంబరు పద్దెనిమిది. పంతొమ్మిది నుంచి నాలుగు రోజులు నేను సెలవు. మా ఆడబిడ్డ సౌందర్య కొడుకును తొట్టెలలో వేసే కార్యం. అరవైమందికి వంట. వంటమనిషిని పెడదామంటే అత్తమ్మ, "ఇంట్ల కోడలుండంగ వంటమనిషెందుకు, నలుగురు నవ్వుతరు," అంది. ఎవరూ నవ్వలేదు. తిన్నారు. ఆ కార్యం వీడియో తీశారు. రెండు గంటల వీడియోలో రెండుచోట్ల నా చెయ్యి కనిపిస్తుంది, గంటెతో సహా. మా ఆయన ప్రశాంత్ ఆ వీడియో చూసినప్పుడల్లా, "గిదుగో, గిది నువ్వే," అని వేలు పెట్టి చూపిస్తాడు. నా మీద ఆయనకు ప్రేమ లేదని ఎవరనగలరు.

ప్రశాంత్ ప్రైవేటు బడిలో లెక్కల సారు. చొక్కా జేబులో సెల్లు పెట్టుకుని ముఖం కడుక్కోవడానికి తొట్టి మీద వంగుతాడు. ఇప్పటికి మూడుసార్లు సెల్లు తొట్టిలో పడింది. పడినప్పుడల్లా బియ్యం డబ్బాలో రెండు రోజులు, తర్వాత రిపేరు దుకాణంలో పది రోజులు. అది వచ్చేదాకా నా సెల్లు ఆయన జేబులో. "నువ్వు ఆఫీసులనో ఇంట్లనో ఉంటవ్, నీకు సెల్లెందుకు," అంటాడు. ఈ వారం కూడా అంతే. ఉద్యోగం గురించి అడిగితే మాత్రం చాలా మంచివాడు. "నీ ఇష్టం. నేనెప్పుడన్న వద్దన్ననా," అంటాడు. అననే లేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వద్దనలేదు. మా అమ్మ ఖిల్లా ఘణపూర్‌లో ఈ సంగతి అందరికీ చెప్పుకుంటుంది, అల్లుడు బంగారమని.

సెల్లు లేదు కాబట్టి డేవిడ్‌కు ఆఫీసు ఫోను నుంచే చెయ్యాలి. ఆఫీసు ఫోను చిన్నయ్య సారు టేబులు మీద ఉంటుంది. సారు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు. పేజీ తిప్పలేదు.

"డేవిడ్, సెప్టెంబర్ల నా కంప్యూటరుకు ఏం జేసినవ్?"

"వైరస్ వచ్చిందంటె మొత్తం తుడిచి కొత్తగ ఎక్కించినక్కా. మీరు లీవుల ఉన్నరు."

"పేరెందుకు మార్చినవ్?"

"అక్కా, కొత్తగ ఎక్కిస్తె పేరు మళ్ల పెట్టాలె. అడుగుదామని మీ నంబరుకే ఫోన్ చేసిన. సారెత్తిండు."

"ఏ సారు?"

"మీ ఇంట్ల సారు."

"ఏమన్నడు?"

"మీ పేరే పెడుతున్న అని చెప్పినక్కా. సారేమన్నడంటె, సుహాసిని మళ్ల వస్తదో రాదో తెల్వది, ఆడ ఎవరుంటె వాళ్ల పేరు పెట్టు, అన్నడు. మీరు మానేస్తున్నరేమో అనుకున్న నేను. పక్కన శ్రవణ్ నిలబడి ఉండె. ఆయన పేరు అప్పటికె ఒకటుంది గదా, అందుకని రెండు అని పెట్టిన."

నేను ఆ సమయంలో ఎక్కడున్నానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పొయ్యి దగ్గర ఉండి ఉంటాను. ఆయన ఫోను మాట్లాడిన చోటికి నాకూ మధ్య ఒక గోడ. అటునుంచి పిలిస్తే వినపడుతుంది. చట్నీ గిన్నె కోసం పిలిస్తే వినపడింది. అంటే సెప్టెంబరులోనే, అరవైమందికి నేను వండుతూ ఉండగా, నేను మళ్లీ ఆఫీసుకు వస్తానో రానో తెలియదని నిర్ణయమైపోయింది. ఐదో రోజు పొద్దున నేను డబ్బా కట్టుకుని బయల్దేరుతుంటే ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. చీర బాగుందేమో అనుకున్నాను.

కోపం రావాలి. రాలేదు. ఇంకా అయోమయంగానే ఉంది. తొమ్మిది పేర్ల లిస్టు అర్థమైంది గానీ, ఎనిమిదేళ్ల పక్కమనిషి అర్థం కాలేదు. సర్వరు నయం, దానికి ఎవరూ చెప్పకపోయినా ఉన్నవాళ్లను వెతుక్కుంటుంది. లేనిదాన్ని లేదంటుంది. మా ఇల్లు ఉల్టా. ఉన్నన్ని రోజులూ చుక్క వెలగదు. లేనప్పుడు, ఒక్క గంట లేనప్పుడు, అందరికీ ఒకేసారి కనిపిస్తాను. పాలు పొంగిపోతాయి, తువ్వాలు దొరకదు, "సుహాసిని ఏడవోయింది" అని అత్తమ్మ వీధి చివరిదాకా వినపడేట్టు అడుగుతుంది.

"అక్కా, ఉన్నరా?" అన్నాడు డేవిడ్.

"ఉన్న. ఇప్పుడు మార్చొచ్చా?"

"మార్చొచ్చు. కానీ ముందుగాల లిస్టుల పాత సుహాసినిని తీసెయ్యాలె. అది ఉండంగ అదే పేరు మళ్ల తీసుకోదు."

పేపరు వెనక నుంచి చిన్నయ్య సారు అన్నారు, "మిసెస్ ప్రశాంత్ అని పెట్టరాదు? మర్యాదగ ఉంటది. పాతది తీసే పని గూడ ఉండదు."

"ఆయన ఈడ పనిచేస్తలేడు గద సార్," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది. సారు మొదటిసారి పేజీ తిప్పారు.

చెప్పులు విప్పి లోపలికి పోయాను. బంతిపువ్వు పక్కన, బూడిద రంగు చుక్క దగ్గర, 'సుహాసిని' మీద నొక్కి తీసెయ్యమన్నాను. నిజంగానే తీసెయ్యాలా అని అడిగింది. ఈ ఊళ్లో ఒక పని చేసే ముందు నన్ను నిజంగానేనా అని అడిగింది ఇదొక్కటే. తీసెయ్యమన్నాను. నా పేరు పోయింది. లిస్టులో ఆ కాసేపు నేను ఎక్కడా లేను, చచ్చిపోయిన దానిలా కూడా లేను. నీళ్లలో మునిగిన ఆలంపూర్ ఉంది, కారు రేసుల చింటూ ఉన్నాడు.

సీటులోకి వచ్చి 'శ్రవణ్-2' చెరిపి నా పేరు కొట్టాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. లోపలికి పోయి చూశాను. లేదు. డేవిడ్‌కు మళ్లీ ఫోను చేశాను.

"ఎప్పుడు వస్తది?"

"పాత సర్వరు గదక్కా. దాని టైముకు అది చూసుకుంటది. ఒక్కోసారి గంట పడతది. మీరేం చెయ్యకుండ్రి. ఆన్‌ల ఉండుండ్రి, చాలు."

మూడు దాటింది. ఏమీ చెయ్యకుండా ఉండడం నాకు చేతకాదు. లింగాల రైతుల సంచులు ఎక్కించాను. మధ్యమధ్య లేచి, చెప్పులు విప్పి, చూసి, చెప్పులు వేసుకుని వచ్చాను. మూడున్నరకు లేదు. మూడూ ముప్పావుకు లేదు. సారు ఫ్యాక్స్ మిషన్ దగ్గర నిలబడి, "ఇంక వస్తదంటవా అమ్మా," అన్నారు. ఆయన గొంతులో కొంచెం బాధ కూడా ఉంది. నేను పోతే టీ సంగతేమిటన్న బాధ కావచ్చు. ఏదైతేనేం, బాధే.

నాలుగుకు ఆరు నిమిషాలుందనగా పోయి చూశాను. 'సుహాసిని'. ఆకుపచ్చ చుక్క. చివరిసారి కనిపించింది, ఇప్పుడు.

నేనెవరికీ చెప్పలేదు. దానికదే కనుక్కుంది. కాళ్ల కింద బండ చల్లగా ఉంది, నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత ప్రింటు తీసి, పదకొండు వేల సంచులు ఎవరు ఎక్కించారో కింద నా చేతిరాతతో రాసి, సారు సంతకం పెట్టే చోట వేలు పెట్టి చూపించాను. శ్రవణ్ వచ్చి, "నేను గూడ పెడతనక్కా," అని పక్కన తన సంతకం పెట్టాడు. ఫ్యాక్స్ పోయింది.

సాయంత్రం పోయే ముందు డేవిడ్ ఆఫీసుకే ఫోను చేశాడు. "హైదరాబాదోళ్లు ఒక్కొక్క సీటు మళ్ల అడిగి రాసుకోమన్నరక్కా. రేపు పదింటికి అందరికి వాళ్ల వాళ్ల సెల్లుకే ఫోన్ చేస్త. ఈసారి మీరే ఎత్తుండ్రి, జర."

ఇంటికి పోయి వంట చేశాను. ఈ రోజు ఏమైందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అత్తమ్మ చారులో ఉప్పు సరిపోయిందంది. అది మా ఇంట్లో పొగడ్త.

శనివారం పొద్దున డబ్బా కట్టుకుని, చెప్పులు వేసుకుంటుంటే ప్రశాంత్ అలవాటుగా చెయ్యి చాపాడు, సెల్లు కోసం. నేను చార్జరు నుంచి తీసిన సెల్లు నా బ్యాగులో వేసుకుని జిప్పు లాగాను.

"అదేంది," అన్నాడు.

"ఇయ్యాల నాకు ఫోనొస్తది."

నవ్వాడు. "నీకెవరు చేస్తరు?"

"డేవిడ్ చేస్తడు. సెప్టెంబర్ల చేసిండు గద, ఆయనే."

చెయ్యి ఇంకా చాపే ఉంది. "ఏమడుగుతడు?"

"సుహాసిని మళ్ల వస్తదా రాదా అని అడుగుతడు."

ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. లోపల మంచం మీద అత్తమ్మ కిర్రుమని ఇటు తిరిగిన చప్పుడైంది. ఆయన నా ముఖం వైపు చూశాడు, వీడియోలో నా చెయ్యి వెతికినట్టు, ఇదా ఇదా అన్నట్టు.

"ఏం చెప్తవ్ మరి?" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఆయన అడగడం అదే మొదలు.

"ఆఫీసుకైతే వస్తదని చెప్త," అన్నాను గడప దిగుతూ. "ఇంటికి వస్తదో రాదో ఇంకా అనుకోలె."